రోగుల మంచము ప్రక్కన ఒక రాజకుమార్తె

విక్టోరియా మహారాణి పేరు తెలియని వారు మనలో తక్కువ. మన తాతల కాలపు వెండి రూపాయి మీద ఉన్న బొమ్మ ఆమెదే. ఆమెకు తొమ్మిది మంది పిల్లలు. వారిలో మూడవ సంతానము, ఆడపిల్లలలో రెండవది ఆలిస్. ఈమె 1843 ఏప్రిల్ 25న లండనులోని బకింగ్‌హామ్ రాజభవనములో పుట్టి, 19 ఏండ్ల వయసులో జర్మనీలోని హెస్సె అనే చిన్న రాజ్యానికి కోడలుగా వెళ్ళి, 35 ఏండ్లకే అక్కడ కన్ను మూసింది. చరిత్ర పుస్తకాలలో ఈమెకు దొరికే చోటు నాలుగు పంక్తులు మాత్రమే. అయితే బిడ్డను పోగొట్టుకున్న తల్లులు, నమ్మకము సన్నగిల్లి ఎవరితోను చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయే విశ్వాసులు ప్రతి సంఘములోను ఉన్నారు. వారి కొరకు ఈమె కథ కొంచెము వివరముగా చెప్పాలని మాకు అనిపించింది.

రాజుల ఇంట పుట్టిన పిల్ల గదా, పట్టుపరుపుల మీద పెరిగి ఉంటుందని అనుకుంటాము. కాని తండ్రి ఆల్బర్ట్ ప్రభువు పిల్లలను గట్టి క్రమశిక్షణలో పెంచాడు. ఆడపిల్లలకు వంట, కుట్టుపని నేర్పించాడు. క్రిమియా యుద్ధములో గాయపడిన సైనికులు లండను ఆసుపత్రులకు వచ్చినప్పుడు, పండ్రెండేండ్లయినా నిండని ఆలిస్ తల్లి వెంట వెళ్ళి వారి మంచముల మధ్య నడిచింది. 1861 మార్చిలో అమ్మమ్మ మరణపడక మీద ఉన్నప్పుడు దగ్గర ఉండి చూసుకున్నదీ ఈ పిల్లే. ఆ రోజు తండ్రి ఆమెతో, వెళ్ళి మీ అమ్మను ఓదార్చు అని చెప్పాడట. అప్పటి నుండి ఆ ఇంటిలో ఎవరు మంచము పట్టినా ఆలిసే రావాలి.

ఆ సంవత్సరమే డిసెంబరులో తండ్రి జబ్బు పడ్డాడు. వైద్యులు టైఫాయిడ్ జ్వరమన్నారు. రాణిగారు కలవరపడి ఏమి చేయాలో తోచక ఉండగా, పద్దెనిమిదేండ్ల ఆలిస్ పగలు రాత్రి తండ్రిని కనిపెట్టుకొని ఉన్నది. ఆయనకు చదివి వినిపించింది. ఒకనాడు ఆయన కీర్తన ఒకటి దూరము నుండి వినాలని ఉన్నదన్నాడు. ప్రక్క గదిలో పియానో ముందు కూర్చుని ఆమె మార్టిన్ లూథరు వ్రాసిన కీర్తనను వాయించింది. తండ్రికి కన్నీళ్ళు కనబడకుండా ఏడుపు వచ్చినప్పుడల్లా గది బయటికి వెళ్ళి, ముఖము సరిచేసుకొని తిరిగి వచ్చేదని అప్పటి వారు వ్రాశారు. 1861 డిసెంబరు 14న ఆల్బర్ట్ ప్రభువు మరణించాడు. ఈ తేదీని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మళ్ళీ దాని ప్రస్తావన వస్తుంది.

రాణిగారు దుఃఖములో మునిగి మంత్రులను చూడడము మానుకున్నారు. కొన్ని నెలలు రాజ్యపు కాగితాలు, మంత్రుల మాటలు ఆలిస్ ద్వారానే తల్లికి చేరాయి.

ఆమె పెండ్లి తండ్రి బ్రతికి ఉన్నప్పుడే కుదిరింది. వరుడు హెస్సె పాలకుని తమ్ముని కుమారుడు, లూయీ. పాలకునికి పిల్లలు లేరు గనుక ముందు ముందు గద్దె అతనిదే. ఆ రోజులలో జర్మనీ ఒకే దేశము కాదు. మన దేశములో నైజాము, మైసూరు ఉన్నట్టు అక్కడ ఎన్నో రాజ్యాలు ఉండేవి. ప్రష్యా వాటిలో పెద్దది. హెస్సె చిన్నది, దాని ముఖ్యపట్టణము డార్మ్‌స్టాట్.

పెండ్లి 1862 జూలై 1న వైట్ ద్వీపములోని ఆస్బర్న్ గృహములో, గుడిలో కాదు, భోజనాల గదిలో జరిగింది. రాణిగారు వైధవ్యపు నల్లబట్టలలో ఒక ప్రక్కన కూర్చున్నారు. పెండ్లికూతురు తెల్లబట్టలు ఆ కాస్సేపు కట్టుకొని, ప్రార్థన కాగానే మళ్ళీ నల్లబట్టలలోకి మారింది. అత్తవారింటికి తీసుకువెళ్ళిన చీరసారె అంతా నలుపే. అది పెండ్లికన్న సమాధి కార్యక్రమము వలె ఉన్నదని తల్లే వ్రాసుకున్నది. ఇంగ్లండు పార్లమెంటు ఆమెకు 30,000 పౌండ్లు కట్నముగాను, ఏటా 6,000 పౌండ్లు భరణముగాను ఇచ్చింది. ఇది పెద్ద సొమ్మే. కాని ఆ కట్నము డార్మ్‌స్టాట్‌లో కొత్త ఇల్లు కట్టడానికే అయిపోయింది, పైగా అప్పులు మిగిలాయి. రాజకుమార్తె ఇంటి ఖర్చు తానే లెక్క చూసుకున్నది. పిల్లల బట్టలు చేత కుట్టింది. ఒక ఉత్తరములో తల్లికి, ఈ వేసవికి పిల్లల గౌనులు ఏడు మొదటి నుండి చివర వరకు నేనే కుట్టాను అని గర్వముగా తెలియజేసుకున్నది. కట్నము తెచ్చిన కోడలికి కష్టము ఉండదనే వారు ఈ మాట గమనించాలి.

ఏడుగురు పిల్లలు పుట్టారు. విక్టోరియా, ఎల్లా అని పిలుచుకునే ఎలిజబెత్, ఐరీన్, ఎర్నెస్ట్, ఫ్రిట్టి అని ముద్దుపేరు గల ఫ్రెడరిక్, ఆలిక్స్, మే అని పిలిచే మేరీ. ఆనాటి గొప్ప ఇండ్లలో బిడ్డకు పాలిచ్చే పని దాదిది. ఆలిస్ తన బిడ్డకు తానే పాలిచ్చింది. ఈ సంగతి తెలిసి విక్టోరియా రాణి అసహ్యించుకొని, తమ పశువులశాలలో ఒక ఆవుపెయ్యకు 'ప్రిన్సెస్ ఆలిస్' అని పేరు పెట్టించింది! మహారాణి అయితే మాత్రము, తల్లికి ఇంత కోపమా అని నవ్వు వస్తుంది. మన పల్లెటూరి అమ్మమ్మలు ఆనాడు అక్కడ ఉంటే ఆలిస్ పక్షమే నిలబడేవారు.

డార్మ్‌స్టాట్‌లో మొదటి సంవత్సరాలలో జరిగిన ఒక సంగతి ఆమె ఉత్తరాల వలన తెలుస్తుంది. పాతపేటలో ఒక బీద స్త్రీ ప్రసవమై కష్టములో ఉన్నదని విని, తాను ఎవరో చెప్పకుండా ఒక తోడు స్త్రీని వెంటబెట్టుకొని వెళ్ళింది. మురికి వాకిలి, చీకటి నిచ్చెన, పైన ఒకే చిన్న గది. ఆ ఒక్క గదిలో బాలింత, పసిబిడ్డ, ఇంకా నలుగురు పిల్లలు, భర్త, పొయ్యి. వెంట వచ్చిన ఆమెను పిల్లలతో క్రిందికి పంపి, భర్త సహాయముతో తానే ఏదో వండి బాలింతకు పెట్టింది. పడక సర్దింది. పసిబిడ్డ కండ్లు పుసులు కట్టి ఉంటే నీళ్ళతో కడిగింది. ఇదంతా తల్లికి వ్రాస్తూ, ఇటువంటివి కండ్లతో చూడకపోతే బీదల కష్టము మనకు తెలియదు అనే భావము వెలిబుచ్చింది. ధర్మము చేసినవారు చాలామంది ఉంటారు. బాలింత పడక సర్దిన రాజకుమార్తెలు ఎంతమంది?

1866లో యుద్ధము వచ్చింది. ప్రష్యా ఒక వైపు, ఆస్ట్రియా ఒక వైపు. హెస్సె ఆస్ట్రియా పక్షము చేరింది. ఆలిస్ అక్క విక్టోరియా ప్రష్యా యువరాజు భార్య. అంటే అక్క భర్త ఒక సైన్యములో, చెల్లెలి భర్త శత్రుసైన్యములో! పెద్ద పిల్లలిద్దరిని ఇంగ్లండులో అమ్మమ్మ దగ్గరకు పంపి, నిండుగర్భిణి అయిన ఆలిస్ డార్మ్‌స్టాట్‌లోనే ఉండి గాయపడిన వారికి కట్లు కట్టే గుడ్డలు చుట్టించింది. జూలై 11న, భర్త యుద్ధరంగములో ఉండగా, మూడవ ఆడపిల్ల పుట్టింది. ప్రష్యా సైనికులు ఊరిలోకి వచ్చారు. ఆ పిల్లకు ఐరీన్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు సమాధానము అని అర్థము.

ఆ యుద్ధములో ఆమె ఒకటి గ్రహించింది. జాలి ఉన్నంత మాత్రాన గాయము మానదు, పని తెలిసిన చెయ్యి కావాలి. 1867లో ఆలిస్ స్త్రీల సంఘము స్థాపించి, యువతులకు రోగులను చూసే పని పద్ధతి ప్రకారము నేర్పించడము మొదలు పెట్టింది. దీనికై ఫ్లారెన్స్ నైటింగేల్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి సలహాలు తీసుకున్నది. అంతవరకు జర్మనీలో ఆ పని ఎక్కువగా కన్యస్త్రీలు, దీకనెస్సులు చేసేవారు. ఆలిస్ సంఘములో ఏ మతశాఖ స్త్రీ అయినా చేరవచ్చు. లూయిజె బ్యూక్నర్ అనే రచయిత్రితో కలిసి, తండ్రి గాని భర్త గాని ఆధారము లేని స్త్రీలు చేతిపని నేర్చి బ్రతికే ఏర్పాటు కూడ చేసింది. ఈనాడు మన సంఘాలలో ఎందరో ఆడపిల్లలు నర్సు పని చేసి కుటుంబాలను నిలబెడుతున్నారు. ఒకప్పుడు ఆ పని గౌరవమైనదని ఎవరూ అనుకోలేదు. దానికి గౌరవము తెచ్చినవారిలో ఈమె ఒకతె.

1870లో జర్మనీకి, ఫ్రాన్సుకు యుద్ధము జరిగినప్పుడు ఆ నేర్పు అక్కరకు వచ్చింది. లూయీ యుద్ధానికి వెళ్ళాడు. ఆలిస్ మళ్ళీ గర్భిణి. అయినా దినదినము ఆసుపత్రులు తిరిగింది. గాయపడిన వారికి తన ఇంటి ఆవరణలోనే చోటు ఏర్పాటు చేసింది. అక్టోబరు 7న ఫ్రిట్టి పుట్టినప్పుడు తండ్రి యుద్ధభూమిలోనే ఉన్నాడు. ఆ మరుసటి ఏడు, 1871లో, అన్న ఎడ్వర్డు యువరాజుకు టైఫాయిడ్ వస్తే, ఇంగ్లండుకు చూడవచ్చిన ఆలిస్ అక్కడ కూడ నర్సు అయినది. తండ్రి పోయిన డిసెంబరు 14 దగ్గర పడుతున్నకొలది అందరూ భయపడ్డారు. సరిగా ఆ రోజునే జబ్బు తిరుగుముఖము పట్టి యువరాజు బ్రతికాడు.

ఇక ఆమె విశ్వాసము సంగతికి వద్దాము. ఈ కథలో మాకు ముఖ్యమనిపించింది ఇదే.

ఆలిస్‌ది చురుకైన బుద్ధి. భర్త మంచివాడు, ధైర్యవంతుడు, కాని చదువు, ఆలోచనల మీద ఆసక్తి తక్కువ. ఇద్దరి మధ్య ప్రేమ లేకపోలేదు గాని మనసు విప్పి మాట్లాడుకునే సాంగత్యము కుదరలేదు. ఆ ఒంటరితనములో ఆమెకు డేవిడ్ ఫ్రీడ్రిక్ స్ట్రౌస్ అనే పండితునితో పరిచయమైంది. వేదాంతము చదివిన వారికి ఈ పేరు తెలుసు. 1835లో ఆయన యేసు జీవితమును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, సువార్తలలోని అద్భుతములు పురాణ కథల వంటివని వాదించాడు. దాని వలన కళాశాలలో ఉద్యోగము పోగొట్టుకున్నాడు. డార్మ్‌స్టాట్‌లో నివసించే రోజులలో ఆయన ఆలిస్‌కు వోల్టేర్ అనే ఫ్రెంచి తత్త్వవేత్తను గూర్చి ఉపన్యాసాలు చదివి వినిపించాడు. 1870లో అవి పుస్తకముగా వచ్చినప్పుడు దానిని ఆమెకే అంకితమిచ్చాడు. లోకమంతా గుసగుసలాడింది. రాజకుమార్తె నాస్తికురాలైనదని చెప్పుకున్నారు. నిజముగానే ఆమె నమ్మకము ఆ సంవత్సరాలలో సడలింది.

అప్పుడు ఫ్రిట్టి విషయము జరిగింది.

ఈ పిల్లవానికి హీమోఫీలియా అనే జబ్బు ఉన్నది. రక్తము గడ్డకట్టదు, చిన్న దెబ్బ తగిలినా లోపల, బయట కారుతూనే ఉంటుంది. ఇది తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది, తల్లికి మాత్రము జబ్బు కనబడదు. ఆలిస్ తమ్ముడు లియోపోల్డుకు కూడ ఇదే జబ్బు. ఫ్రిట్టికి ఒకసారి చెవి దగ్గర చిన్న గాయమైతే మూడు రోజులు రక్తము ఆగలేదు. 1873 మే 29 ఉదయము, తండ్రి ఊరిలో లేడు. ఫ్రిట్టి, అన్న ఎర్నెస్ట్ తల్లి గదిలో ఆడుకుంటున్నారు. తెరచి ఉన్న కిటికీలో నుండి ఫ్రిట్టి క్రింద పడిపోయాడు. ఎముక ఒకటి కూడ విరగలేదు. మరొక పిల్లవాడైతే బ్రతికేవాడు. కాని తలలో రక్తము కారి, ఆ సాయంకాలానికే ప్రాణము విడిచాడు. వానికి ఇంకా మూడేండ్లు నిండలేదు.

నాలుగేండ్ల ఎర్నెస్ట్ ఆ తరువాత తల్లిని ఒక మాట అడిగాడు. నేను చనిపోయినప్పుడు నీవు కూడ చనిపోవాలి, అందరము కలిసి ఎందుకు చనిపోకూడదు, ఫ్రిట్టి లాగా ఒక్కడినే పోవడము నాకు ఇష్టము లేదు అన్నాడట. ఈ మాటను తల్లి ఉత్తరములో వ్రాసింది. దానికి ఏ తల్లి జవాబు చెప్పగలదు?

ఇక్కడ మేము కొంచెము ఆగి ఒక మాట చెప్పాలి. పిల్లవాడు పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు మన ఊళ్ళలో వినబడే మాటలు మాకు తెలుసు. ఏ పాపము చేసిందో అంటారు. అవిశ్వాసులతో తిరిగినందుకు దేవుడు బుద్ధి చెప్పాడంటారు. ఆలిస్ గూర్చి కూడ అట్లా అనుకున్నవారు ఉండే ఉంటారు, స్ట్రౌసు పుస్తకము చేతికి దొరికిన సాక్ష్యము గదా. మేము దీనిని ఒప్పుకోము. పుట్టుగ్రుడ్డివానిని చూసి శిష్యులు ఈ ప్రశ్నే వేసినప్పుడు ప్రభువు ఏమి జవాబిచ్చారో యోహాను సువార్త 9వ అధ్యాయములో ఉన్నది. వాడు గాని వాని కన్నవారు గాని కారణము కాదన్నారు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపక నేలమీద కూర్చున్నంత సేపు మంచి స్నేహితులే. నోరు తెరిచిన తరువాతనే చెడ్డారు. ఫ్రిట్టి మరణానికి కారణము తల్లి సందేహము కాదు, తరతరాలుగా రక్తములో వచ్చిన జబ్బు, తెరచి ఉన్న ఒక కిటికీ.

మరి ఆమె విశ్వాసము ఎట్లా తిరిగి వచ్చింది? ఎవరో వాదములో ఓడించినందువలన కాదు. ఆమె మరణించిన తరువాత డార్మ్‌స్టాట్ పాదిరి కార్ల్ సెల్ ఆమె జీవితమును, తల్లికి వ్రాసిన ఉత్తరాలను పుస్తకముగా కూర్చాడు. 1884లో అది ఇంగ్లీషులో కూడ అచ్చయింది. అందులో ఆమె ఒక స్నేహితురాలితో చెప్పిన సంగతి ఉన్నది. తాను ఎంతో కష్టపడి కట్టుకున్న తత్త్వజ్ఞానపు కట్టడము దుఃఖము వచ్చేసరికి పునాది లేక ధూళి వలె రాలిపోయినదని, లోకమును, మనలో ఒక్కొక్కరిని ఏలే దేవుడు ఉన్నాడని నమ్మకపోతే మన గతి ఏమని, ప్రార్థన అవసరము ఇప్పుడు తెలుస్తున్నదని ఆమె భావము. పిల్లలతో కలిసి కీర్తనలు పాడుకోవడము ఎంతో ఇష్టమని, ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కీర్తన ఉన్నదని కూడ చెప్పింది.

ఈ చివరి మాట మమ్మును ఎక్కువగా ఆకట్టుకున్నది. పండితుని గ్రంథానికి ఆమె మరొక గ్రంథముతో జవాబు చెప్పుకోలేదు, పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని పాడింది. తండ్రి మరణపడక ప్రక్కన కీర్తన వాయించిన చేతులే అవి. అయితే ఒకటి గమనించాలి. స్ట్రౌస్ దగ్గర కూర్చున్న ఆ సంవత్సరాలలో కూడ ఆమె ఆసుపత్రికి వెళ్ళడము మానలేదు, బీదలను విడువలేదు. నోటితో ప్రార్థించలేని దినాలలో చేతులతో సేవ చేసింది. ఇటువంటి వారిని విశ్వాసము కోల్పోయినవారని త్వరపడి లెక్క కట్టివేయడము సంఘ పెద్దలకు తగదు. తోమాను తక్కిన పదిమంది తమ గది నుండి వెళ్ళగొట్టలేదు. వెళ్ళగొట్టి ఉంటే ఎనిమిది దినాల తరువాత ప్రభువు వచ్చినప్పుడు అతడు అక్కడ ఉండేవాడు కాడు.

1877లో పాలకుడు మరణించగా లూయీ గ్రాండ్ డ్యూక్ అయ్యాడు, ఆలిస్ గ్రాండ్ డచెస్ అయింది. ఈ పదవి ఆమెకు ఏడాదిన్నర మాత్రమే. పని భారము పెరిగింది, ఒంటిలో బలము తగ్గింది. లండను బీదల ఇండ్లను బాగుచేసిన ఆక్టేవియా హిల్ వ్యాసాలను ఆ రోజులలోనే జర్మన్ భాషలోకి తెచ్చింది. 1878 వేసవిలో కుటుంబమంతా ఇంగ్లండు సముద్రతీరానికి వెళ్ళి వచ్చారు. పిల్లలందరితో కలిసి ఆమె గడిపిన చివరి సెలవులు అవే.

నవంబరు 5 సాయంకాలము పెద్దమ్మాయి విక్టోరియా తమ్ముడు చెల్లెళ్ళకు కథ చదివి వినిపిస్తూ, మెడ పట్టేసినట్టు ఉన్నదని చెప్పింది. గవదబిళ్ళలేమో అని తల్లి నవ్వుతూ అన్నది. తెల్లవారి వైద్యుడు చూసి డిఫ్తీరియా అన్నాడు. మన వైపు దీనిని కంఠసర్పి అంటారు. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఈనాడు పిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలలో వేసే టీకాలోను, తరువాత ఒకటిన్నర ఏడు ప్రాంతములోను, ఐదారేండ్లకు, మళ్ళీ పది, పదహారు ఏండ్లకు వేసే టీకాలోను దీనికి రక్షణ ఉన్నది. జ్వరము వస్తుందని టీకా మాన్పించే తల్లులు ఇక్కడ నుండి జరిగినది శ్రద్ధగా చదవాలి. ఆ రోజులలో టీకా లేదు, మందు లేదు. దీనికి విరుగుడు మందు కనుగొన్నది 1890లో.

వారము తిరిగేసరికి ఆలిక్స్, తరువాత మే, ఐరీన్, ఎర్నెస్ట్, చివరకు భర్త లూయీ పడ్డారు. ఎల్లాకు మాత్రము అంటలేదు, ఆమెను నానమ్మ ఇంటికి పంపించారు. తల్లి ఒక్కతే ఒక గది నుండి మరొక గదికి తిరిగింది. నవంబరు 16న నాలుగేండ్ల మే ఊపిరాడక చనిపోయింది. ఇంటిలో అందరికన్న చిన్నది, ఫ్రిట్టి పోయిన తరువాతి సంవత్సరము పుట్టిన బిడ్డ. తల్లి ఆ చిన్న పెట్టెను సాగనంపి, కండ్లు తుడుచుకొని, తక్కిన రోగుల గదులలోకి ఏమీ జరగనట్టే వెళ్ళింది. వారి ప్రాణము ఇంకా ప్రమాదములో ఉన్నది గనుక చెప్పలేదు. మే ఎట్లా ఉన్నదని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. ఎర్నెస్ట్ తన పుస్తకము ఒకటి ఇచ్చి, దీనిని మేకు ఇవ్వమ్మా అన్నాడు. ఆమె తీసుకున్నది. తల్లులు ఇట్లాంటి దినాలు ఎట్లా మోస్తారో దేవునికే తెలుసు.

డిసెంబరు మొదటి వారములో పిల్లవాడు కోలుకున్నాడని తోచి, నిజము చెప్పింది. పదేండ్లవాడు మొదట నమ్మలేదు, తరువాత పడక మీద లేచి కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వైద్యులు దగ్గరకు వెళ్ళవద్దని, ముద్దు పెట్టుకోవద్దని ముందే చెప్పి ఉన్నారు. ఆమె వంగి కొడుకును దగ్గరకు తీసుకొని ముద్దు పెట్టుకున్నది. ఆ ముద్దుతోనే జబ్బు అంటినదని అప్పటి వారు నమ్మారు. ఇంగ్లండు ప్రధాని డిజ్రేలీ పార్లమెంటులో ఈ సంగతి చెప్పి దానిని మరణపు ముద్దు అన్నాడు. ఎప్పుడు, ఎట్లా అంటిందో ఖచ్చితముగా ఎవరు చెప్పగలరు? నెలరోజులుగా ఆమె ఆ గాలిలోనే ఉన్నది. ఆ ముద్దు తప్పు అని చెప్పేవారు ఉన్నారు. వైద్యము ప్రకారము తప్పే. మేము దానిని పొగడము, నిందించము కూడ.

డిసెంబరు 7 రాత్రి ఆమె మంచము పట్టింది. నెలరోజుల కావలితో అలసిన ఒంటిలో పోరాడే శక్తి మిగలలేదు. తన తరువాత బీదల విషయములో ఏమేమి చేయాలో చెప్పి ఉంచింది. చివరి మాటలలో కుమార్తె మే పేరు, తండ్రి పేరు వినబడ్డాయి. డిసెంబరు 14 శనివారము ఉదయము ఆమె కన్ను మూసింది. తండ్రి పోయి ఆనాటికి సరిగా పదిహేడేండ్లు, మే పోయి నాలుగు వారాలు. ఆ తేదీకి ఏదో దోషము ఉన్నదని రాజకుటుంబములో భయపడినవారు లేకపోలేదు. 1871లో అదే తేదీన ఎడ్వర్డు బ్రతికాడు గదా! దినములన్నీ దేవునివి, వాటిలో దుర్దినమని ఒకటి లేదు.

ఆమె పిల్లల కథ వేరొక గ్రంథమే అవుతుంది. ఆలిక్స్ రష్యా చక్రవర్తికి భార్య అయింది. ఆమె ఏకైక కుమారునికి ఫ్రిట్టి జబ్బే వచ్చింది. 1918 జూలైలో భర్తతో, పిల్లలతో సహా విప్లవకారుల చేతిలో చంపబడింది. ఎల్లా కూడ రష్యాకే కోడలై, 1905లో భర్త బాంబు దాడిలో హతుడైన తరువాత నగలు అమ్మి, మాస్కోలో మార్త మరియల పేరుతో ఆశ్రమము స్థాపించి, తల్లి వలెనే రోగులకు సేవ చేసింది. చెల్లెలు చంపబడిన మరునాడే ఆమెను కూడ గనిగోతిలో పడవేశారు. పెద్దమ్మాయి విక్టోరియా కుమారుడే మన దేశపు ఆఖరి వైస్రాయి మౌంట్‌బాటన్. విక్టోరియా కుమార్తెకు అమ్మమ్మ పేరే, ఆలిస్ అని పెట్టారు. ఆ చిన్న ఆలిస్ రెండవ ప్రపంచ యుద్ధకాలములో ఏథెన్సు పట్టణములో ఒక యూదుల కుటుంబమును తన ఇంట దాచి రక్షించింది. ఇప్పటి ఇంగ్లండు రాజు చార్లెస్‌కు ఈమె నానమ్మ.

డార్మ్‌స్టాట్‌లో ఆలిస్ పేరుతో ఆసుపత్రి ఇప్పటికీ ఉన్నది. ఆమెను ఆ ఊరి రోజెన్‌హోహె సమాధుల తోటలో, ఆమె కోరిక ప్రకారము శవపేటిక మీద పుట్టినింటి ఇంగ్లండు జెండా కప్పి, సమాధి చేశారు. ఫ్రిట్టి, మే అక్కడే ఉన్నారు. సమాధి మీద పాలరాతి ప్రతిమలో ఆమె నిద్రపోతున్నట్టు పడుకొని ఉన్నది, చేతి వంపులో మే ఉన్నది.